సోమవారాలు మాత్రమే పనిచేసిన మందు

మా ఇంట్లో నా ఉద్యోగాన్ని మనసుపెట్టి పట్టించుకున్న మనిషి మా అత్తమ్మ ఒక్కతే. మా ఆయన్ని ఎవరైనా అడిగితే "ఏదో మందుల కంపెనీల చేస్తది" అంటాడు. పెళ్లైనప్పటి నుంచి అదే జవాబు, ఒక్క అక్షరం మార్చలేదు. మా అబ్బాయి దృష్టిలో నేను ఇంటికి రసాయనాల వాసన మోసుకొచ్చే మనిషిని. అత్తమ్మ అలా కాదు. సాయంత్రం నేను చిక్కడపల్లి మార్కెట్‌లో కొన్న కూరగాయల సంచి వంటింటి గట్టు మీద పెట్టీ పెట్టకముందే అడిగేది.

"ఏమాయె బిడ్డా, మీ మందు?"

"ఇంకా కాలేదత్తమ్మా."

"ఇంకెన్నడైతది?"

ఈ ప్రశ్న మా డైరెక్టర్ అడిగితే తెర మీద రంగురంగుల గీతలు చూపించి తప్పించుకుంటాను. అత్తమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకవు. "అయితది" అని గొణిగి ముఖం కడుక్కోవడానికి వెళ్లిపోయేదాన్ని. నేను వచ్చేలోపు ఆమె టమాటాలన్నీ నొక్కి చూసి, మెత్తబడ్డదొకటి పైకెత్తి పట్టుకుని ఉండేది. "మందులు చేస్తవు గని కూరగాయలు ఏరరాదు నీకు" అనేది. అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత. నాకు ఆ ఉత్తమత్వం రాసిపెట్టి లేదు. అందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఆమె అలా అడగడానికి కారణం మామయ్య.

మామయ్య రిటైరైన తర్వాత పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి పేపర్లు చదివేవాడు. అక్కడికి అశోక్‌నగర్ నుంచి ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలు వస్తారు. పేపర్‌లో నడిమి పేజీ వాళ్లు ముందే చదివేస్తారని రోజూ వాళ్లతో తగవు. ఆ తగవు కోసమే వెళ్లేవాడని నా అనుమానం. మూత్రం ఇబ్బంది వచ్చి చిన్న ఆపరేషన్ చేయించుకున్నాడు. అది బాగానే జరిగింది. ఇంటికి పంపుతారనుకున్న పూట చలిజ్వరం వచ్చింది. రక్తంలోకి ఇన్ఫెక్షన్ పోయిందన్నారు. డాక్టర్ ఒక మందు మొదలుపెట్టాడు. అది నాకు చుట్టం లాంటిది. దాని అక్కచెల్లెళ్లను తయారుచేయడమే నా ఉద్యోగం. నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే మెడా ముఖమూ ఎర్రబడి దురద పెడుతుంది. నర్సు వేగం సరిచేసి వెళ్లిన ప్రతిసారీ నేను లేచి చుక్కలు చూసేదాన్ని.

అత్తమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను ధైర్యం చెప్పాను. "ఇది పెద్ద మందు అత్తమ్మా. దీనికి తగ్గుతది." ఆమె నమ్మింది. ఇంట్లో మందులు చేసే కోడలుంటే ఎవరి మాట నమ్ముతుంది మరి?

తర్వాత రిపోర్టు వచ్చింది. మామయ్య రక్తంలో ఉన్న బ్యాక్టీరియాకు ఆ మందు పనిచేయదట. డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచి, "మీకు తెలుసు కదా మేడమ్" అన్నాడు. తెలుసు. నాకు తెలిసినంత బాగా ఆ వరండాలో ఎవరికీ తెలియదు. ఇంకో మందు వేశారు, ఆ మీదట ఇంకొకటి. అప్పటికే ఆలస్యమైంది. మామయ్య వెళ్లిపోయాడు.

దినాలు అయిపోయి చుట్టాలందరూ వెళ్లాక అత్తమ్మ నన్ను పిలిచింది. నిష్ఠూరమాడుతుందేమో అనుకున్నాను. ఆడలేదు.

"ఆ పురుగును సంపే మందే లేదా?"

"చేస్తున్నమత్తమ్మా. మేమే చేస్తున్నం."

"మరి చెయ్" అంది.

అంతే. ఆ రోజు నుంచి అది నా ఉద్యోగం కాదు, ఆమె నాకు అప్పజెప్పిన పని. ఇంటికి వచ్చాక ఆ పని ఎంతవరకు వచ్చిందో చెప్పాల్సిన బాధ్యత నాది. నా జీతం ఇచ్చేవాళ్లెవరూ నన్ను ఆ మాత్రం నమ్మలేదు.

ఇక్కడ కొంచెం నా పని గురించి చెప్పాలి. భయపడకండి, చివర్లో పరీక్ష పెట్టను. పురుగు అంటున్నాను గానీ అది కంటికి కనబడేది కాదు, బ్యాక్టీరియా. ల్యాబ్‌లో మేమంతా పురుగులనే అంటాం. ప్రతి పురుగూ తన చుట్టూ ఒక గోడ కట్టుకుని బతుకుతుంది. ఎదిగేకొద్దీ ఆ గోడకు కొత్త వరసలు చేర్చుకుంటూ పోవాలి. నేను చెప్పిన పాత మందు గ్లైకోపెప్టైడ్ అనే జాతిది. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి దాన్ని తన అవసరం కోసం తయారుచేసుకుంటే మనుషులు పట్టుకొచ్చారు. ఆ మందు గోడకు చేర్చబోయే ఒక్కో ఇటుక కొసనూ గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఇటుక అతకదు, గోడ లేవదు, పురుగు చస్తుంది. మొండి పురుగులు ఏం చేశాయంటే ఆ కొసను కాస్త మార్చుకున్నాయి. మారింది చిన్న ముక్కే. అయినా మందు పట్టు జారిపోతుంది. మామయ్య విషయంలో జరిగింది అదే.

పాత మందును పారేయకుండా దానికి కొత్త హంగులు తగిలించి ఆ పట్టు మళ్లీ తెప్పించడం మా పని. నేను తగిలించింది ఒక నూనెజాతి తోక. ల్యాబ్‌లో అందరూ దాన్ని జిడ్డుతోక అనేవాళ్లు, నన్ను ఏడిపించడానికే. ఆ తోక పురుగు ఒంటి పొరలో దిగబడి మందును అక్కడే నిలబెడుతుంది. కొస మారితే మారనీ, మందు అక్కణ్నుంచి కదలకుండా మళ్లీ మళ్లీ పట్టుకుంటుంది. చెప్పడానికి రెండు మాటలు. చేయడానికి నా జుట్టు నెరిసింది. తోక పొడుగైతే మందు నీళ్లలో కరగదు. పొట్టిదైతే పట్టు ఉండదు. చేసినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పోగా చివరికి ఒక్కటి నా మనసుకు నచ్చింది. రసాయన శాస్త్రంలో మనసుకు నచ్చడం అనే మాట వాడకూడదు. నాకు నచ్చింది, అంతే.

మందు చేయడం వరకే నాది. అది పురుగును చంపుతుందో లేదో తేల్చేది నా స్నేహితురాలు, మా మైక్రోబయాలజిస్టు. నాకంటే చిన్నది. నలభై దాటినా మా అత్తమ్మకు మాత్రం 'రాంనగర్ పిల్లే'. వాళ్ల నాన్న పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఎన్నో అపార్ట్‌మెంట్లకు గోడలు కట్టిన మేస్త్రి. ఆమె రాంనగర్ బస్తీలో పెరిగింది. అడిక్‌మెట్ పక్కనున్న పాత యూనివర్సిటీకి నడిచివెళ్లి ఎమ్మెస్సీ, దాని మీద పీహెచ్‌డీ చేసింది. "మా నాయన గోడలు లేపిండు, నేను పురుగుల గోడలు కూలగొడుతున్న" అని నవ్వుతుంది. మా కంపెనీ బస్సు రాంనగర్ మీదుగా నారాయణగూడ వస్తుంది. ఆమె ముందెక్కి తన పక్క సీట్లో బ్యాగు పెడుతుంది. నేను ఫ్లైఓవర్ కింద ఎక్కి ఆ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. సాయంత్రం ఇద్దరం నారాయణగూడలోనే దిగుతాం. చిక్కడపల్లిలో కూరగాయలు కొని, మా ఇంట్లో చాయ్ తాగి, అక్కణ్నుంచి ఆమె రాంనగర్ వెళ్తుంది. ఏళ్లుగా అదే పద్ధతి.

మా ల్యాబ్‌లో ఇంకో పద్ధతి ఉంది, భోజనం. ఒంటిగంటకు ఎవరి చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి పొడుగు బల్ల దగ్గరకు రావాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అయినా తప్పితే ఊరుకోరు. డబ్బాలన్నీ బల్ల నడుమకు చేరతాయి. ఎవరి కూర వాళ్లు తినడం మహాపాపం. నా స్నేహితురాలి జొన్నరొట్టె, పుంటికూర మూత తీయగానే అయిపోతాయి. మా అత్తమ్మ పచ్చిపులుసు కోసం డైరెక్టర్ కూడా గ్లాసు పట్టుకుని వస్తాడు. పొద్దున్న ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లు ఆ బల్ల దగ్గర ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెడతారు. ఉద్యోగం మానేయాలని నేను అనుకున్న రోజులు చాలా ఉన్నాయి. భోజనం తర్వాత మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు.

నాకు నచ్చిన ఆ మందు కార్తీకమాసం మొదట్లో ఆమె చేతికి వెళ్లింది. పరీక్ష చేసే తీరు సులువే. ప్లాస్టిక్ పళ్లెం మీద వరసలుగా చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో మందు పోస్తారు, ఒక్కో గుంటకు సగం సగం పలచన చేస్తూ. తర్వాత మొండి పురుగులు వేసి వెచ్చగా ఉంచుతారు. మర్నాడు గుంట బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంటే పురుగు గెలిచినట్టు. తేటగా ఉంటే మందు గెలిచినట్టు.

ఆ మర్నాడు గుంటలు చివరిదాకా తేటగా ఉన్నాయి. ఎంత పలచన చేసినా పురుగు లేవలేదు. నేను ఎగిరి గంతేయలేదు గానీ ఆ సాయంత్రం మార్కెట్‌లో బేరం ఆడకుండా కొన్నాను. అత్తమ్మ అడగకముందే నేనే చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "మల్లొకసారి చూసుకోండ్రి" అంది, ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా.

మళ్లీ చూశాం. గుంటలన్నీ తెల్లగా లేచాయి. ఇంకోసారి చూశాం. మళ్లీ తెలుపే. మూడోసారికి అద్భుతంగా తేటబడింది. ఆ తర్వాత రెండుసార్లు మళ్లీ కుడితి. ఒక మందు పనిచేయాలి, లేదా చేయకూడదు. బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే మందును ఎవరు ఎక్కించుకుంటారు? వచ్చే వారం రివ్యూ ఉంది. ఏ మందును ముందుకు తీసుకెళ్లాలో, దేన్ని పక్కన పెట్టాలో పైవాళ్లు తేలుస్తారు. పక్కన పెట్టారంటే మళ్లీ తీయడం ఉండదు. నా వయసుకు ఇంకో మందు మొదటి నుంచి చేసే ఓపిక ఉన్నా, చేయనిచ్చే తీరిక కంపెనీకి ఉండదు. అత్తమ్మకు ఏం చెప్పాలి? లేదు, కాలేదు, ఇక కాదు అనా?

డైరెక్టర్ మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. బాగా వచ్చిన రెండూ ఏదో పొరపాటై ఉంటాయి, వాటిని తీసేద్దామన్నాడు. బాగా రానివే పొరపాటు, పళ్లేలు సరిగ్గా పెట్టలేదేమో అన్నాను నేను. నా స్నేహితురాలు ఇద్దరి మాటా వినలేదు.

"అన్నీ నా చేతుల మీద వచ్చినయి సార్. ఎందుకట్ల వచ్చినయో నాకు తెల్వది. గని వచ్చినయి. అన్నీ చూపిస్త."

ఆ రోజు బస్సులో నేను ఊరుకోలేదు. ఆమె పళ్లేలు శుభ్రంగా లేవన్నాను. చెయ్యి వణుకుతోందా అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ చాలాసేపు విని, "ఆడలేక మద్దెలోడన్నట్టున్నది అక్కా. నీ మందు సక్కగ లేకుంటే నా ప్లేట్ల మీద పడుతవేంది?" అంది. అంతటితో మాటలు బందయ్యాయి. మర్నాడు పొద్దున బస్సెక్కి చూస్తే పక్క సీట్లో బ్యాగు ఎప్పట్లాగే ఉంది. తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరవతల ల్యాబ్ వచ్చేదాకా ఇద్దరం నోరు విప్పలేదు. ఆ బ్యాగు అక్కడ లేకపోయి ఉంటే నేనేమైపోయేదాన్నో.

సాయంత్రం చాయ్ గ్లాసులు లెక్క తగ్గేసరికి అత్తమ్మకు అర్థమైంది. కార్తీకమాసం మూడో సోమవారం పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే అడిగింది.

"గా రాంనగర్ పిల్ల వస్తలేదేంది?"

"మాకు మాటల్లేవత్తమ్మా."

"మీకు లేకుంటే మానె, నాకున్నయి కదా. ఇయ్యాల సోమారం, గా పిల్ల ఒక్కపొద్దుంటది. ఇంటికి తోల్కరా. చుక్కలు చూసినంక ఇక్కడ్నే తిని పోతది."

అత్తమ్మ ఆజ్ఞ. సాయంత్రం బస్సు దిగాక "అత్తమ్మ రమ్మంది" అని మాత్రం అన్నాను. ఆమె తలూపింది. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం, మధ్యలో ఒక్క మాట లేదు. గుడి ముందు దీపాలు పెట్టే ఆడవాళ్ల వరస రోడ్డు దాకా వచ్చింది. ఆమె ఆగి ఒక దీపం పెట్టుకుంది. నేను ఆమె బ్యాగు పట్టుకుని నిలబడ్డాను.

మా బాల్కనీలోంచి ఆకాశం అరచేతంత కనబడుతుంది. అత్తమ్మ దాంట్లో ఒక చుక్కను చూపించింది. మా అబ్బాయి "అది విమానం నానమ్మా" అన్నాడు. కాసేపటికి నిజం చుక్క కనబడింది. నా స్నేహితురాలికి కంచం పెట్టారు. నేను కూడా పక్కన కూర్చున్నాను. నాతో మాటల్లేవు కాబట్టి ఆమె అత్తమ్మతోనే ముచ్చట మొదలుపెట్టింది.

"పొద్దటి సంది ఏం తినలేదమ్మా. వీళ్లంత కూసోని మీ పచ్చిపులుసు తాగుతుంటే నేనేమో పురుగులకు పెట్టుకుంట కూసున్న."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పురుగులు ఎప్పుడేసినవ్?" అన్నాను. అత్తమ్మ కబురు లెక్కలోకి తీసుకోకపోతే, మూడు నాలుగు రోజుల తర్వాత నేను ఆమెతో అన్న మొదటి మాట అది.

"మీరు తినవోయినప్పుడే. మందు పోసుడు అయిపాయె. తిండి లేదు, తిప్పలు లేదు, ఊకె కూసోని ఏం చెయ్యాలె? ఎంటనే పురుగులేసిన."

"పోయిన సోమవారం?"

"పోయిన సోమారం గూడ గంతే. అంతకుముందు సోమారం గూడ..." అని ఆగింది. నా వంక చూసింది. ఆమెకు కూడా అప్పుడే వెలిగింది. బాగా వచ్చిన పళ్లేలు రెండూ సోమవారాలు పెట్టినవి.

"మిగతా రోజులు?" అన్నాను.

"మిగతా రోజులు మందు పోసి, మూత పెట్టి, అన్నానికొస్త. తిన్నంక పోయి పురుగులేస్త. గంట... గంటకెక్కువే అయితది."

"మాటలు తర్వాత. ముందు తినుండ్రి" అంది అత్తమ్మ, మాకు మాటలు కలిశాయని ఆమెకు సంతోషం. ఏం కలిసిందో ఆమెకు తెలియదు.

తిన్నాక ఆమెను ఆటో ఎక్కించడానికి చౌరస్తా దాకా వెళ్లాను. ఎక్కించకుండా మాట్లాడుతూ నిలబడ్డాను. ఒక్క గంటలో మందు ఎక్కడికి పోతుంది? చెడిపోదు, అది గట్టి పిండం, నెలల తరబడి ఉంచి చూశాను. ఆవిరైపోదు. గుంటలో నీళ్లున్నాయి, ప్లాస్టిక్ ఉంది, అంతే. ఆ మాట పైకి అన్నాక ఇద్దరం ఒకేసారి నవ్వాం. పురుగుకు అంటుకోవాలని ఏళ్ల తరబడి కష్టపడి జిడ్డుతోక తగిలించింది నేనే. అంటుకోవడం నేర్చిన మందు పురుగు వచ్చేదాకా ఆగుతుందా? దొరికిన ప్లాస్టిక్ గోడకు అంటుకుని కూర్చుంది. పురుగులు వచ్చేసరికి నీళ్లలో మందే లేదు.

జిడ్డున్న మందులు ఇలా గిన్నెలకు అంటుకుంటాయని లోకంలో అంతకుముందే తెలిసినవాళ్లు ఉన్నారు. మేమిద్దరం కూడా ఎప్పుడో చదివే ఉంటాం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ బాపతు. పాత మందుకు తోక లేదు. దాన్ని గంటసేపు వదిలేసినా ఏం కాదు. ఆ మందుతో అలవాటైన పద్ధతినే దీనికీ వాడాం. భోజనం మా అలవాటు కాబట్టి అది కూడా పరీక్షలో ఒక భాగమని ఎవరికీ తోచలేదు. మేమంతా కూర్చుని పుంటికూర పంచుకుంటున్నంతసేపూ అక్కడ నా మందు గోడకు అతుక్కుని చచ్చిపోతోంది.

మర్నాడు ఆమె మూడు పళ్లేలు పెట్టింది. ఒకదాంట్లో మందు పోయగానే పురుగులు వేసింది. రెండోది గంటసేపు ఆపి వేసింది. మూడోది కూడా గంట ఆపింది, కానీ దాంట్లో ముందే సబ్బులాంటి ఒక పదార్థం చుక్క కలిపింది. అది మందును ప్లాస్టిక్‌కు అంటుకోనివ్వదు, పురుగులకు హాని చేయదు. ఆ గంటసేపూ ఇద్దరం పళ్లేల దగ్గరే ఉన్నాం, భోజనానికి వెళ్లలేదు. బల్ల దగ్గర్నుంచి ఒక్కొక్కరే వచ్చి తలుపులోంచి తొంగిచూసి, ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగి వెళ్లారు. చివరికి డైరెక్టర్ వచ్చి, "ఇద్దరూ ఒక్కపొద్దా?" అన్నాడు. చేతిలో మా అత్తమ్మ పచ్చిపులుసు గ్లాసు ఉంది.

బుధవారం పొద్దున బస్సు దిగగానే ఆమె పరుగులాంటి నడకతో వెళ్లింది. నేను కోటు వేసుకుంటుండగా తలుపు దగ్గర నిలబడి, "అక్కా, జర వచ్చి చూడు" అంది. మొదటి పళ్లెం తేట. రెండోది తెలుపు. మూడోది మొదటిదానికంటే తేట. ఆమె చేతులు పట్టుకున్నాను. పళ్లేలు శుభ్రంగా లేవని నేనన్న ఆ చేతుల్నే. ఆమె కూడా గట్టిగా పట్టుకుంది. ఆ రెండు సోమవారాల ఫలితాలను పొరపాటని ఆమె తీసేసి ఉంటే మా మందు ఆ వారంతో అయిపోయేది. నా మాట విని మిగతా రోజులవి తీసేసి ఉంటే ఇంకా ఘోరం, ఎప్పుడు పనిచేస్తుందో తెలియని మందుతో ముందుకు పోయేవాళ్లం. ఎందుకో తెలియకపోయినా కళ్లతో చూసిందాన్ని వదలని మనిషి నా పక్క సీట్లో కూర్చుంటోంది. అంతకంటే అదృష్టం ఏముంటుంది?

రివ్యూ గట్టెక్కింది. ముందున్నది ముసళ్ల పండుగ అన్నట్టు ఆ తర్వాత మందు కిడ్నీలకు పడుతుందా అన్న సంగతి, తోకను ఇంకాస్త కురచ చేయడం, ఎలుకల మీద పరీక్షలు, మళ్లీ తోక. దానికి పట్టిన ఏళ్ల గురించి రాస్తే మీరు ఆవలిస్తారు, నేను ఏడుస్తాను. అత్తమ్మ రోజూ అడుగుతూనే ఉంది. మోకాళ్లు నొప్పి పుట్టి మంచం మీద నుంచి అడిగిన రోజులు కూడా ఉన్నాయి. చివరికి మా మందును వేరే ఊళ్లోని పెద్ద కంపెనీ తీసుకుంది. మనుషుల మీద పరీక్షించే స్తోమత వాళ్లకే ఉంది. కూతురిని అత్తారింటికి పంపినట్టు పంపి, ఫోన్ కోసం ఎదురుచూడటం మా వంతైంది.

మొన్నామధ్య ఒక సాయంత్రం అశోక్‌నగర్ సందులో నడుస్తున్నాను. పుస్తకాలు పట్టుకున్న పిల్లలు మెస్సుల ముందు గుంపులుగా ఉన్నారు. నా స్నేహితురాలు ఫోన్ చేసింది.

"యాడున్నవక్కా? జర ఒక పక్కకు నిలబడు. మొదటి మనిషికి మన మందు ఎక్కించిండ్రట. మంచిగున్నడట. ఇంటికి గూడ పోయిండట."

జిరాక్స్ షాపు మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఆగలేదు. పక్కన కాగితాలు సర్దుకుంటున్న అమ్మాయి కంగారుపడి నీళ్ల సీసా ఇచ్చింది. "ఏమైందాంటీ, రిజల్టా?" అంది. ఆ సందుల్లో ఫోన్ పట్టుకుని ఏడ్చేవాళ్లకు ఇంకో కారణం ఉండదు.

"అవునమ్మా."

"వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. నా భుజం మీద చెయ్యి వేసి, తనకే ఉద్యోగం వచ్చినంత సంతోషంగా నవ్వింది. ఆమెకు కూడా వస్తుంది, రావాలి.

ఇంటికి వెళ్లి అత్తమ్మ పక్కన మంచం మీద కూర్చుని చెప్పాను. ఇది ఇంకా మొదటి మెట్టేనని, మందు అవుతుందో కాదో ఇప్పుడే చెప్పలేమని, కానీ ఒక మనిషి ఒంట్లోకి వెళ్లిందని, అతను బాగున్నాడని. ఆమె కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. మామయ్య మాట ఎత్తుతుందనుకున్నాను. ఆమె ఆలోచన వేరే వైపు పోయింది.

"ఏం రోగమట ఆయనకు?"

"ఏ రోగం లేదు. మంచిగున్నోళ్లకే ముందు ఎక్కిస్తరత్తమ్మా. పడుతదా పడదా చూడాలె కదా. ఎవరో పిలగాడు, వయసు మీదున్నోడు."

"రోగం లేకుండనే పండుకున్నడా? ఏమన్న అయితే?"

"పక్కన డాక్టర్లుంటరు. కానీ ఏం కాదని ముందుగాల ఎవ్వరూ చెప్పలేరు. అది తెలిసే ఒప్పుకున్నడు."

 ఒక అపరిచితుడి గురించి ఆమె ముఖం అంత దిగులుపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"వాళ్లమ్మకు ఎరుకేనా?"

"తెల్వదత్తమ్మా."

"ఎరుకుండది. ఎరుకుంటే పంపుతుండెనా?"

పక్క గదిలో మా అబ్బాయి ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతున్నాడు. వాడిదీ వయసు మీదున్న ఒళ్లే, ఏ రోగమూ లేదు. ఆ మందులో ఏముందో ఈ లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, దాని ప్రతి ముక్కా నా చేతుల మీదుగా వెళ్లింది. అయినా వాణ్ని పంపేదాన్నా అని ఆలోచించాను. పంపను. నన్ను నిలబెట్టి అడిగినా పంపను. ఏ ఊళ్లోనో ఒకామె కన్న కొడుకు మాత్రం వెళ్లి, చొక్కా చెయ్యి పైకి మడిచి, నా మందుకు చెయ్యి చాచాడు.